కిటికీ గట్టు మీద కత్తెర

ఆ రోజుల్లో మార్చి నెలంటే నాకు భయం ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. న్యూజెర్సీలో మార్చి మొదటి ఆదివారం ఎండ కాసినంత మాత్రాన మనిషి స్వెట్టర్ విప్పేసి, ఇంట్లో మొక్కలన్నీ ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తకూడదన్న చిన్న విషయం తెలుసుకోవడానికి నాకు పదకొండు తమలపాకు తీగలు ఖర్చయ్యాయి. వాటిలో ఒక్కటి కూడా నాది కాదు. అదే అసలు బాధ.

మొదటినుంచీ చెప్పాలంటే ఇదంతా ఓ అబద్ధంతో మొదలైంది. అప్పటికి నేను ఎడిసన్ వచ్చి వారమే అయింది. న్యూయార్క్‌లో ఉద్యోగం, రైల్లో రానూపోనూ ప్రయాణం, ఉండడానికి మాత్రం గది లేదు. ఓ తెలుగువాళ్ళు మేడ మీద గది అద్దెకిస్తారని తెలిసి వెళ్ళాను. ఆ ఇంటి ఆంటీ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "ఏ ఊరు బాబూ మీది?" అన్నారు. "పొన్నూరు దగ్గరండీ" అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయ్యో, తమలపాకు తోటల ఊరు కదూ! మీకూ తోటలున్నాయా?" ఆ మొహం చూశాక లేవని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా నాన్న లెక్కల మాస్టారు. తమలపాకు తోటల్ని నేను చూసింది గుంటూరు వెళ్ళే బస్సు కిటికీలోంచి, అదీ కిటికీ సీటు దొరికిన రోజుల్లో. అయినా సరే, "మాది వ్యవసాయ కుటుంబమేనండీ" అనేశాను. "మీ వైపు తీగని దేని మీదికి పాకిస్తారు?" అని మళ్ళీ అడిగారు. (అది పరీక్ష అని నాకు తట్టలేదు.) "గోడల మీదికండీ" అన్నాను ధైర్యంగా. మా వైపు అవిస చెట్లు పెంచి వాటి మీదికి పాకిస్తారని ఆ తర్వాత మా అమ్మకి ఫోన్ చేసి తెలుసుకున్నాను. ఆంటీ ఓ క్షణం నా వంక చూసి, "మంచిది, రేపే వచ్చెయ్ నాన్నా" అన్నారు.

ఆ ఇంట్లో ఆంటీ, అంకుల్ ఇద్దరే ఉండేవారు. కూతురు అరిజోనాలో, చాండ్లర్‌లో ఉండేది. వీళ్ళు కాకుండా హాల్లో కిటికీ పక్కన పెద్ద కుండీలో ఓ తమలపాకు తీగ ఉండేది. దానికున్న మర్యాద ఆ ఇంట్లో అంకుల్‌కి కూడా లేదు. ఆయనే ఆ మాట అనేవారు. చుట్టుపక్కల ఏ తెలుగువాళ్ళింట్లో పూజ జరిగినా తాంబూలంలోకి ఆకులు ఆంటీ దగ్గరనుంచే వెళ్ళేవి. ఆకులు అడిగితే ఎప్పుడూ లేదనేవారు కాదు. తీగ ముక్క అడిగితే మాత్రం ఎంతటివాళ్ళకీ ఇచ్చేవారు కాదు. "అడిగి పట్టుకెళ్ళింది బతకదమ్మా" అని నవ్వి మాట మార్చేసేవారు. (అడిగి తెచ్చుకున్న మొక్క కంటే ఎవరూ చూడకుండా తుంచుకొచ్చిన మొక్క ఏపుగా పెరుగుతుందని మనవాళ్ళలో ఓ నమ్మకం ఉంది కదా. మనీప్లాంట్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ నమ్మకం ఉంటుంది.) ఆంటీ పిసినారి అని ఆవిడ లేనప్పుడు కొందరు అనుకునేవారు. నిజం చెప్పొద్దూ, నేనూ అనుకున్నాను.

ఆ ఇంట్లో నాకు అంతుపట్టని సంగతి ఇంకొకటి ఉండేది. కుండీ పక్కన కిటికీ గట్టు మీద ఎప్పుడూ ఓ చిన్న కత్తెర ఉండేది. నెలకోసారి ఏదో వ్రతమో పూజో పెట్టి ఇంటినిండా జనాన్ని పిలిచేవారు ఆంటీ. పిల్లలు తిరిగే రోజు కదా అని నేను ఆ కత్తెర తీసి సొరుగులో పడేస్తే, ఆవిడ మళ్ళీ తెచ్చి గట్టు మీదే పెట్టేవారు. "ఇక్కడెందుకండీ?" అంటే, "నువ్వెళ్ళి కుర్చీలు వెయ్యి నాన్నా" అనేవారు. జనం కిటికీ దగ్గర చేరి తీగని మెచ్చుకోవడం మొదలుపెట్టగానే, "పులిహోరలో ఉప్పు చూసొస్తానుండండి" అని లోపలికి వెళ్ళిపోయేవారు. అంత బాగా వండే ఆవిడకి ఉప్పు మీద ఎందుకింత అనుమానమా అనుకునేవాణ్ణి.

ఆ ఏడు చలికాలంలో వాళ్ళిద్దరూ మూడు రోజులు ఎక్కడికో పెళ్ళికి వెళ్ళారు, నేను ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాను, సరిగ్గా అప్పుడే ఇంట్లో హీటింగ్ ఆగిపోయింది. వచ్చి చూసేసరికి పెద్ద తీగ చలికి వాడి వేలాడిపోయింది. ఆంటీ ఆ రోజు అన్నం తినలేదు. ఇంకా పచ్చిగా ఉన్న చోట్ల కణుపులు చూసుకుని పదకొండు ముక్కలు కత్తిరించి, ఖాళీ పెరుగు డబ్బాల్లో మట్టి పోసి నాటారు. అవి నెల తర్వాత ఒక్కొక్కటే చిగురు పెట్టాయి. అప్పటికి కూతురికి పురుడు రోజులు దగ్గరపడ్డాయి. అంకుల్‌ని ఇంట్లోనే వదిలి చాండ్లర్ బయల్దేరే రోజున ఆవిడ నన్ను కిటికీ దగ్గరికి పిలిచి, "నీ చేతిలో పెట్టి వెళ్తున్నాను. తోటల్లో పెరిగినవాడివి, నీకు నేను చెప్పక్కర్లేదు. ఇవి గనక పోతే నా ఇంట్లో ఇంక తమలపాకు ఉండదు నాన్నా" అన్నారు. మాకు తోటల్లేవని అప్పుడైనా చెప్పేయాల్సింది. చెప్పలేదు.

చెప్పక్కర్లేదంటూనే ఓ కాగితం నిండా రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్ళారు. పెరట్లో అంకుల్ కట్టిన గ్రీన్‌హౌస్ ఉంది. (విడిభాగాల పెట్టె కొనుక్కొచ్చి రెండు వేసవులు కష్టపడి బిగించారు. ఇంకా మూడు మరలు మిగిలిపోయాయి. అవి ఎక్కడివో అన్న దిగులు ఆయనకి ఇప్పటికీ పోలేదు.) మార్చి సగం దాటాక, ఎండ కాసే రోజున డబ్బాల్ని అందులోకి తీసుకెళ్ళాలి. సాయంత్రం మళ్ళీ ఇంట్లోకి తెచ్చేయాలి. అలా పదిరోజులు అలవాటు చేశాకే అక్కడ ఉంచేయాలి. మధ్యాహ్నం వేడెక్కితే పైకప్పు కిటికీ తెరవాలి, నాలుగింటికల్లా మూసేయాలి. అన్నిటికంటే కింద, రెండు గీతలు గీసి, "చెప్పులతో వెళ్ళకు. నీకు తెలిసిందేగా" అని ఉంది. తమలపాకు తోటలోకి చెప్పులతో అడుగు పెట్టరన్న సంగతి మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. అదొక్కటే నాకు నిజంగా తెలిసిన విషయం.

మార్చి మొదటి ఆదివారం పొద్దున్న లేచేసరికి ఎండ. మామూలు ఎండ కాదు, పక్కింటి తెల్లాయన నిక్కరు వేసుకుని కారు కడుక్కుంటున్నాడు. వసంతం వచ్చేసిందని నేను తేల్చేశాను. కాగితంలో మార్చి సగం దాటాక అని ఉన్న మాట నిజమే, కానీ ఆంటీ ఉగాదికి తిరిగొచ్చేసరికి తీగలు ఏపుగా పెరిగి ఉంటే, "ఎంతైనా తోటలవాడు" అంటారు కదా! రోజూ మోసుకెళ్ళి మోసుకురావడం కూడా నాకు తెలివితక్కువ పనిగా కనిపించింది. అక్కడ చిన్న ఎలక్ట్రిక్ హీటర్ ఉంది, అది ఉండగా ఇదెందుకు? చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, డబ్బాలు ఒక్కొక్కటే ట్రేలో పెట్టుకుని నడిచాను. గ్రీన్‌హౌస్‌లో కింద పరిచింది గులకరాళ్ళు. చలికాలమంతా చలిని తాగి కూర్చున్న గులకరాళ్ళు. పైన ఎండగానే ఉంది గానీ, మూడో ట్రిప్పుకి నా పాదాలు నావో కావో తెలియలేదు. మధ్యాహ్నం లోపల వేడెక్కింది, పద్ధతిగా పైకప్పు కిటికీ తెరిచాను. సాయంత్రానికి మబ్బు పట్టి సన్నగా తుంపర మొదలైంది. కిటికీ మూయాలంటే మళ్ళీ చెప్పులు విప్పి ఆ రాళ్ళ మీదికి వెళ్ళాలి. వంటింట్లోంచి తొంగిచూస్తే తలుపు మూసే ఉంది, హీటర్ ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. అంతా బాగానే ఉందని నాకు నేనే చెప్పుకుని, రెండు జతల సాక్సు వేసుకుని టీ తాగాను.

తెల్లారి చూస్తే పచ్చిక మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. రాత్రంతా హీటర్ వేడి కప్పు కిటికీలోంచి ఆకాశానికి పోయింది. పదకొండు డబ్బాల్లోనూ ఆకులు నల్లబడి, ఉడికిన పాలకూరలా మట్టికి అంటుకుపోయి ఉన్నాయి. అంకుల్ కాఫీ కప్పుతో వెనకాలే వచ్చి, ఓసారి చూసి, "ఏమోయ్, నేను కట్టడం వరకే. మొక్కల సంగతి నాకు తెలీదు. ఆవిడకి కూడా అదే చెప్తాను" అన్నారు. ఆఫీసులో ఆ రోజు నేను ఏం పని చేశానో నాకు తెలీదు. ఇవి పోతే ఇంక తమలపాకు ఉండదన్న ఆవిడ మాటే చెవిలో ఉంది. ఆ సాయంత్రమే ఆంటీ ఫోన్ చేశారు. "మనవరాలు పుట్టింది!" అన్నారు. అంకుల్, నేనూ పెద్దగా సంతోషపడ్డాం. అందులో కాస్త వేరే సంతోషం కూడా కలిసిందని ఒప్పుకోవాలి, ఎందుకంటే ఆ హడావిడిలో ఆవిడ తీగల మాట ఎత్తలేదు.

దారి చూపించింది అంకులే. రెండ్రోజులు ఆలోచించి, గొంతు తగ్గించి (ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం) "ఆ మధ్య భోజనానికి వెళ్ళినప్పుడు, మన పూజలకొచ్చే డాక్టరమ్మగారింట్లో మేడమీద బాత్రూమ్ కిటికీలో తమలపాకు తీగ చూశానోయ్. అది మనదే. వాళ్ళకి ఇంకెక్కడిది?" అన్నారు. నాకు వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. రోజూ నన్ను కారులో స్టేషన్ దాకా దింపే వరంగల్ అన్న ఇంట్లో, బట్టలుతికే గదిలో డ్రయ్యర్ వెనక ఏదో పచ్చగా కనపడితే వదిన గబుక్కున తలుపు మూసేయడం. "అడుగుదామా అంకుల్?" అన్నాను. "ఏమని అడుగుతావ్? మీరు మా ఇంట్లో దొంగిలించింది ఇటిప్పించండి అనా?" అన్నారు. నిజమే. అడిగితే వాళ్ళకి తల కొట్టేసినట్టవుతుంది, పైగా సంగతి సాయంత్రానికి చాండ్లర్ చేరుతుంది. ఇక మిగిలింది ఒకటే మార్గం.

శనివారం వరంగల్ అన్న ఇంటికి టీకి వెళ్ళాను. జేబులో గోళ్ళు తీసుకునే కట్టరు, చేతిలో సగం నీళ్ళు పోసిన ఫ్లాస్కు. వదిన, "ఉండు తమ్మీ, బట్టలు డ్రయ్యర్ల ఏసొస్త" అని లేచింది. "మీరు కూర్చోండి వదినా, నేను వేస్తాను" అని నేను ముందే పరిగెత్తాను. డ్రయ్యర్ వెనక చిన్న బల్బు పెట్టి, దారాలు కట్టి ఎంత ముచ్చటగా పెంచుకుందో! నాలుగు ముక్కలు తుంచి ఫ్లాస్కులో పెట్టుకుని, తడిబట్టలు డ్రయ్యర్లో కుక్కి వచ్చాను. వదిన కళ్ళు పెద్దవి చేసుకుని, "గింత పనిమంతుడివా! ఇగ నీకు పిల్లను చూడాలె" అంది. అన్నది అన్నట్టే నెలరోజులు ఎడిసన్ అంతా అదే చెప్పింది. "మస్తు గుణమంతుడు, ఆడోళ్ళ బట్టలు కూడ ఎండేసిండు" అని. ఆ పేరు తుడుచుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

డాక్టరమ్మగారింట్లో అంత తేలిగ్గా అవలేదు. ఏదో పుస్తకం తిరిగిచ్చే వంకతో వెళ్ళి, బాత్రూమ్ ఎక్కడండీ అని అడిగి, కిందున్నది చూపిస్తే పైకే వెళ్ళాను. అక్కడ కిటికీ నిండా తీగ అల్లుకుపోయి ఉంది. ఏ కణుపు కింద తుంచాలో నాకు తెలీదు, కట్టరు మొద్దుబారింది, ఒక్కో ముక్కకి మూడు నిమిషాలు పట్టింది. ఏడు ముక్కలు. చప్పుడు వినపడకుండా మధ్యమధ్యలో నీళ్ళు వదిలాను. తలుపు తీసేసరికి డాక్టరమ్మగారు బయట నిలబడి ఉన్నారు. "ఎన్ని రోజుల్నుంచి ఇలా ఉంది?" అన్నారు గంభీరంగా. "నిన్నటినుంచండీ" అన్నాను తల దించుకుని. "బయట తిండి మానెయ్. పెరుగన్నం తిను. ఇవి పూటకొకటి" అని మాత్రలు చేతిలో పెట్టారు. ఫ్లాస్కు వంక చూసి, "నీళ్ళు బాగా తాగుతున్నావ్, అదొకటి మంచిది" అన్నారు. నేను కృతజ్ఞతతో వంగి నమస్కారం పెట్టాను.

అవే పదకొండు పెరుగు డబ్బాలు, కొత్త మట్టి, కొత్త ముక్కలు. ఈసారి కాగితం అక్షరం పొల్లుపోకుండా పాటించాను. రోజూ పొద్దున్న రైలుకి ముందు గ్రీన్‌హౌస్‌కి, మధ్యాహ్నం కప్పు కిటికీ అంకుల్ వంతు, సాయంత్రం మళ్ళీ ఇంట్లోకి. ఇద్దరం చెప్పులు విప్పే వెళ్ళాం. ఓ పొద్దున్న ఓ ముక్కకి గోరంత లేత చిగురు కనపడితే అంకుల్‌ని కేకేశాను. ఆయన ఒక పాదం మీద మరో పాదం పెట్టుకుని నిలబడి చూసి, "బతికాం" అన్నారు. ఉగాది నాటికి పదకొండింటిలో తొమ్మిది చిగురించాయి.

పండగ ముందు రోజు ఆంటీ వచ్చారు. కాళ్ళు కడుక్కుని నేరుగా గ్రీన్‌హౌస్‌లోకి వెళ్ళారు. నేను వెనకాలే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. అంకుల్‌కి సరిగ్గా అప్పుడే గరాజ్‌లో ఏదో పని తగిలింది. ఆవిడ ఒక్కో డబ్బా తీసి వెలుగులో తిప్పి చూశారు. చూసి నెమ్మదిగా, "ఇది డాక్టరమ్మ బాత్రూమ్‌లోది. ఎండ తగలక ఆకు పల్చబడింది. ఇది వరంగల్ అమ్మాయిది, డ్రయ్యర్ వేడికి అంచులు ముడుచుకున్నాయి" అన్నారు. "మీకు... వాళ్ళు తీసుకెళ్ళినట్టు తెలుసా అండీ?" అన్నాను. "నా ఇంట్లో ఎవరు ఏ కొమ్మ తుంచారో నాకు తెలీదా? కత్తెర మరెందుకు పెడతాననుకున్నావ్? చేత్తో లాగితే కణుపు నలిగిపోతుంది" అన్నారు.

అప్పుడు చెప్పేశాను. ఆదివారం ఎండ, కప్పు కిటికీ, మంచు, కట్టరు, మాత్రలు, చివరికి మా నాన్న లెక్కల మాస్టారన్న సంగతి కూడా. "గోడ మీదికి పాకిస్తామన్నప్పుడే తెలిసిందిలే" అని నవ్వి, ఆ గులకరాళ్ళ మీదే ఓ బకెట్ బోర్లించుకుని కూర్చున్నారు. "నేనీ దేశం వచ్చిన మొదటి చలికాలం ఒకావిడ వ్రతానికి పిలిచింది. ఎవ్వరూ తెలీదు. కిటికీలో తమలపాకు చూసేసరికి ఏడుపొచ్చింది. చటుక్కున ఓ ముక్క తుంచి కొంగులో దాచుకున్నా. ఆవిడ చూసింది. చూసి, ఉప్పు చూసొస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ తీగే ఇది" అన్నారు. "మరి అందరికీ చేతికే ఇవ్వొచ్చు కదండీ?" అన్నాను. "ఇస్తే మర్యాదకి పట్టుకెళ్ళి మర్చిపోతారు నాన్నా. దొంగిలించుకున్నదైతే భయపడుతూ పెంచుతారు." ఓ చిగురుని వేలితో తాకి మళ్ళీ అన్నారు. "కానీ ఇక్కడ పోతే నేను తెచ్చుకోలేను. నేను అడిగానా, వాళ్ళు దొంగలైపోతారు. అందుకే అన్నాను, ఇవి పోతే నా ఇంట్లో ఉండదని. నువ్వు తెచ్చావ్." ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. నావీ తడిశాయి. పాదాలు మాత్రం ఇద్దరివీ కొంకర్లు పోతున్నాయి.

ఇప్పుడు ఆంటీ, అంకుల్ చాండ్లర్‌లో కూతురి దగ్గరే ఉంటున్నారు. నాకూ ఎడిసన్‌లో ఇల్లుంది, పెరట్లో చిన్న గ్రీన్‌హౌస్ ఉంది (నాకు నాలుగు మరలు మిగిలాయి). వెళ్ళిపోయే రోజున ఆవిడ నాకు తీగ ఇవ్వలేదు, కత్తెర ఒకటే ఇచ్చి, సామాను సర్దుకోవాలని పక్కగదిలోకి వెళ్ళిపోయారు. ప్రతి మార్చిలో, సగం దాటాకే, పెరుగు డబ్బాలు మోసుకుంటూ చెప్పుల్లేకుండా నడుస్తాను. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి, "డాడీ, యువర్ ఫీట్ ఆర్ పర్పుల్! వై నో షూస్?" అని అరుస్తుంది. తోటలవాళ్ళం కదమ్మా అంటాను.

మొన్న ఆదివారం మా ఇంట్లో వ్రతం. ఈమధ్యే ఈ దేశంలో దిగిన ఓ జంట వచ్చారు, ఎవరితోనూ పరిచయం లేక ఆ అమ్మాయి కిటికీ దగ్గరే నిలబడిపోయింది. నేను పులిహోరలో ఉప్పు చూసొస్తానని లేచాను. (పులిహోర చేసింది మా ఆవిడ. "నా వంటకి పేరు పెడతారా?" అని ఇప్పటికీ మాట్లాడటం లేదు.) జనం వెళ్ళాక తీగ కొమ్మలు లెక్కపెట్టి చాండ్లర్‌కి ఫోన్ చేశాను. "ఆంటీ, ఇవాళ ఒకటి పోయింది" అన్నాను. "ఎవరు?" అన్నారు. "చూళ్ళేదండీ" అన్నాను. "మంచిది నాన్నా. కత్తెర సాన పట్టించావా?" అన్నారు. పట్టించాను.